మాటలు కోటలు దాటాయి, నిధులు గడప దాటలేదు

ఆడది ఏడిస్తే నటన, ఎదురు తిరిగితే పిచ్చి. ‘దీన్ని ఎర్రగడ్డకు పంపాలి’ అన్నది మన ఇళ్ళలో ఎగతాళే కాదు, బెదిరింపు కూడా. పల్లెల్లో దెయ్యం పట్టిందంటారు, బాణామతి అంటారు. మందూ, మాటసాయమూ అందాల్సిన మనిషికి వేపమండల దెబ్బలు అందుతాయి. ఇదంతా జనం అజ్ఞానమేనని అధికారులు తేలిగ్గా అనేస్తారు. సరే, ఆ అజ్ఞానం పోగొట్టడానికి ఎంత ఖర్చుపెట్టారు?

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. 1996లో జిల్లా కార్యక్రమం వచ్చింది. 2017 చట్టం మానసిక వైద్యాన్ని హక్కుగా గుర్తించింది. నివారణ, అవగాహన కార్యక్రమాలు నడపడం ప్రభుత్వాల బాధ్యతని 29, 30 సెక్షన్లలో రాసింది. మరి డబ్బు? 2021-22 కేంద్ర బడ్జెట్‌లో మానసిక ఆరోగ్యం కింద చూపింది సుమారు 597 కోట్లు. అందులో 500 కోట్లు బెంగుళూరు నిమ్‌హాన్స్‌కు, 57 కోట్లు తేజ్‌పూర్ సంస్థకు. జాతీయ కార్యక్రమానికి మిగిలింది 40 కోట్లు! ఆసుపత్రులు వద్దని మనం అనడం లేదు. జిల్లాల డబ్బు ఆరోగ్య మిషన్ పద్దులో ఉందని జవాబిస్తారు. ఆ పెద్ద పద్దులో ఊళ్ళలో శిక్షణకు ఎంత పెట్టారో కనిపించదు. కనిపించని డబ్బుకు లెక్క ఎలా అడుగుతాం?

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలు 48,172 మంది. వారిలో 25,309 మంది గృహిణులు. వాళ్ళలో ఎందరు పక్కింటామెకో, ఆశా కార్యకర్తకో తమ బాధ చెప్పుకుని ఉంటారు! విన్నవాళ్ళకు ఏం చేయాలో తెలిసి ఉంటే కొందరైనా బతికేవారు కాదా?

శిక్షణ అనగానే ప్రభుత్వానికి గుర్తొచ్చేది ఆశాలు, అంగన్‌వాడీలు, పొదుపు సంఘాలు. చాలీచాలని పారితోషికం మీద మరో పని. దానికి ‘సేవ’ అని పేరు. ఇంట్లో మన చాకిరీకి విలువ కట్టనివాళ్ళే ఊళ్ళోనూ కట్టడం లేదు.

పైగా లక్షణాలు గుర్తించి ఆసుపత్రికి పంపడంతో శిక్షణ ముగియకూడదు. మొగుడి తన్నులకు, తాగుడుకు, అప్పులవాళ్ళ వేధింపులకు మాత్ర ఒక్కటే మందు కాదు.

అందుకే రాష్ట్ర బడ్జెట్లలో ఈ శిక్షణకు విడిగా పద్దు ఉండాలి. జిల్లాలవారీ లెక్కలు బయటపెట్టాలి. శిక్షణకు వచ్చే స్త్రీలకు ఆ రోజు కూలి ఇవ్వాలి. పాఠాల్లో గృహహింస ఉండాలి. మానసిక జబ్బుతో బతికిన స్త్రీలు శిక్షకులుగా ఉండాలి. పోలీసులకూ ఆ పాఠాలు చెప్పాలి.

మన జిల్లాలో ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది? సమాచార హక్కు కింద ప్రతి సంఘమూ ఒక దరఖాస్తు పెట్టాలి. జవాబు రాకపోతే కలెక్టరాఫీసు ముందు కూర్చుని అడుగుదాం.