ఇంకో ఎత్తు ఉందేమో

నర్సీపట్నంలో ఏ టీకొట్టు బల్ల మీదైనా సాయంత్రం చదరంగం బోర్డు పరిచారంటే చుట్టూ నలుగురు చేరతారు. ఆట నడుస్తుంటే పక్కవాళ్లు నోరెత్తకూడదు. పజిల్‌కి మాత్రం ఆ కట్టుబాటు లేదు. ‘తెల్లపావుల ఎత్తు, గెలవాలి’ అని పావులు పేర్చి వదిలేస్తే చాలు, అందరూ వేలు చూపించేవాళ్లే. ‘గుర్రం తియ్యి’ అంటాడొకడు. ‘తీస్తే మంత్రి పోదూ?’ అంటాడు ఇంకొకడు. చింతపల్లి బస్సు కోసం నిలబడ్డ మనిషి కూడా సంచి కింద పెట్టి ఓ మాట వేస్తాడు.

ఆ మాటని తీసిపారెయ్యలేం. 1895లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో బార్బియర్ అనే ఆయన తన పత్రిక శీర్షికలో ఒక చిక్కు ఇచ్చాడు. బోర్డు మీద నాలుగే పావులు. తెల్ల రాజు, బంటు. నల్ల రాజు, ఏనుగు. బంటు చివరి గడికి చేరి మంత్రి అయితే, నల్ల ఏనుగు కావాలనే ఎదురొచ్చి చెక్ చెబుతుంది. దాన్ని చంపితే నల్ల రాజుకి కదలడానికి గడి ఉండదు. ఆట డ్రా. అంతే అనుకున్నారు.

ఆ ఊళ్లోనే ఉంటున్న ఫెర్నాండో సావేద్ర అనే స్పెయిన్ ఫాదరీ మాత్రం, బంటుని మంత్రిగా కాకుండా ఏనుగుగా మార్చి చూడమన్నాడు. పెద్దది వద్దని చిన్నది కోరుకుంటే గెలుపు! ఆయన పేరుమోసిన ఆటగాడు కాదు. ఆ ఒక్క ఎత్తే ఆయన పేరు నిలబెట్టింది. బార్బియర్ కూడా ఆ జవాబుని తన శీర్షికలోనే అచ్చు వేశాడు. నాకు ఎత్తు ఎంత నచ్చుతుందో, ఆ పెద్దమనసూ అంతే నచ్చుతుంది.

ఇప్పుడు ఫోన్లో పావులు పేరిస్తే రెప్పపాటులో జవాబు వస్తుంది. మంచిదే. నేర్పేవాళ్లు లేని ఊళ్లో పిల్లలకి అదే గురువు. కానీ మన ఆలోచన ఎక్కడ దారి తప్పిందో ఓపిగ్గా వెనక్కి నడిపించి చూపించేది ఎదురుగా కూర్చున్న మనిషే. పేరున్న ఆటగాళ్లూ ఆట అయ్యాక, అప్పటిదాకా పోరాడినవాళ్లతోనే కలిసి ‘ఇక్కడ ఇలా ఆడి ఉంటే?’ అని పావులు మళ్లీ పేర్చుకుంటారు.

మన వాదనల్లో చాలావాటికి చివర మిగిలేది ఎవరు నెగ్గారన్నదే. పజిల్ దగ్గర అలా కాదు. ఎదుటివాడి ఎత్తే సరైనదని తేలితే, ఓడినవాడి మొహం కూడా విప్పారుతుంది. ‘భలే పట్టావురా!’ అని భుజం తడతాడు. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలతో, ఇరుగు పొరుగుతో ఇలా వాదించుకోగలిగితే, ఎవరి మాట చెల్లిందన్న పట్టింపు దానంతటదే తగ్గుతుంది.