మీటింగుకు ఇజాజత్, అమ్మీకి పాబందీ

లాప్‌టాప్ తీసుకుని దుబాయ్ పోయి, అక్కడి నుంచే హైదరాబాద్ ఆఫీసు పని చేసుకోవచ్చా భాయ్ అని మార్కాపురం, గిద్దలూరు పిల్లలు ఈ మధ్య తెగ అడుగుతున్నారు. వర్క్ ఫ్రం హోమ్ వచ్చాక మొదలైన సవాల్ ఇది. అన్న అక్కడ ఉంటాడు, రెండు వారాలు వాడి దగ్గర ఉండి వద్దామని ఆశ. కంపెనీ ఒప్పుకుని, వీసా అందుకు సరిపోయేదైతే చేసుకోవచ్చు. జూమ్ పని చేస్తుంది, టీమ్స్ పని చేస్తుంది. కంపెనీ ఇచ్చిన వీపీఎన్‌ని కంపెనీ పనికే వాడితే ఏ పేచీ లేదు. పని అయిపోయాక ఫోన్ తీసి ఇంటికి వాట్సాప్ కాల్ చేసి చూడండి. మెసేజ్ పోతుంది, ఫోటో పోతుంది, వాయిస్ నోట్ కూడా పోతుంది. కాల్ మాత్రం కలవదు.

అప్పుడు ఎవరో ఒక దోస్త్ ఫ్రీ వీపీఎన్ వేసుకోమంటాడు. అక్కడి 2021 నాటి 34వ నంబర్ సైబర్ కానూన్ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. వీపీఎన్ ఉండడమే జుర్మ్ అని అది అనదు. జుర్మ్ చేయడానికో, చేసింది దాచడానికో దాన్ని వాడితే మాత్రం జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జుర్మానా. తక్కువలో తక్కువ మన కోటి రూపాయల పైమాటే. బంద్ చేసిన కాల్‌ని దొంగదారిన చేయడం ఇందులోకి వస్తుందా రాదా అనేది వకీళ్లు తేల్చాలి. అందరూ వాడుతున్నారు కదా అంటారు. ఏదో ఒక రోజు పట్టుకోవాలనుకుంటే పట్టుకునేది ఎవరిని? మేనేజర్ సాబ్‌నా, లేబర్ క్యాంపులో ఉండే మన కొమరోలు మనిషినా?

మన పెద్దలు కొందరు ఈ పాబందీని వెనకేసుకొస్తారు. ముస్లిం హుకూమత్ కదా, గలీజు సైట్లు బంద్ చేసింది, మంచిదే కదా అంటారు. గలీజు సంగతి వేరు, దాని మీద నాకూ తకరారు లేదు. కానీ అమ్మీతో మాట్లాడటంలో హరామ్ ఏముంది? సిలా రహమీ, అంటే రక్తసంబంధం తెగకుండా చూసుకోవడం, మన దీన్‌లో వాజిబ్. కాల్ మీద పాబందీకీ దీన్‌కీ ఏ సంబంధమూ లేదు. అది తిజారత్. ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ కాల్ అమ్ముకునే హక్కు ఎతిసలాత్, డూ అనే రెండు కంపెనీలకే ఉంది. 2018 జనవరిలో ఎతిసలాత్ బోటిమ్ లాంటి యాప్‌ల కోసం ప్లాన్ తెచ్చి, మొబైల్‌కు నెలకు 50 దిర్హమ్‌లు, ఇంటి కనెక్షన్‌కు 100 దిర్హమ్‌లు పెట్టింది. పైసలు కడితే హలాల్, కట్టకపోతే మనా! హరమైన్ ఉన్న సౌదీయే, షరతులు పాటించే యాప్‌ల కాల్స్ మీద పాబందీని 2017 సెప్టెంబర్‌లో ఎత్తేసింది. దీన్ కోసమే పెట్టిందైతే ముందు అక్కడ ఉండాలి కదా.

నాకు ఇంకా గుచ్చుకునేది 2020 ముచ్చట. ఆ మార్చిలో కరోనా వచ్చి ఆఫీసులు ఇళ్లకు చేరాయి. జూమ్, టీమ్స్ లాంటి వాటికి వెంటనే ఇజాజత్ దొరికింది. అదే ఏడాది అక్టోబర్‌లో, నెలకు 5,000 డాలర్లు సంపాదించేవాళ్లు దుబాయ్‌లో కూర్చుని తమ దేశం కొలువు చేసుకోవచ్చని ప్రత్యేక వీసా కూడా తెచ్చారు. అంటే కాల్ మోసే తాకత్ ఆ నెట్‌కు లేక కాదు. సాబ్‌ల మీటింగులకు తలుపు తీశారు. బోర్లు ఎండి, పలకల పని పడిపోయి, రోజీ కోసం గల్ఫ్ పట్టిన మజ్దూరుకు, రంజాన్ నెలలో ఇంట్లో బిడ్డ మొహం చూసుకోవాలనుకునేవాడికి, అదే తలుపు మూసే ఉంచారు.

గల్ఫ్‌నే అనడం ఇన్సాఫ్ కాదు. 2019 ఆగస్టులో కశ్మీర్‌లో నెట్ ఆపితే 4జీ పూర్తిగా తిరిగొచ్చేసరికి 2021 ఫిబ్రవరి. నెట్‌ను నిరవధికంగా ఆపడం చెల్లదని 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత కూడా అంత కాలం పట్టింది. మన రాష్ట్రంలోనే 2022 మేలో, జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. దాంతో కోనసీమ అంతా మొబైల్ నెట్ రోజుల తరబడి ఆపేశారు. ఇంటి నుంచి కొలువు చేస్తున్న ఐటీ పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు, పక్క ఊళ్లకు తిరిగారు. నిప్పు పెట్టినవాళ్లు కొందరు, సజా అందరికీ. అక్కడా అంతే, కారు, పైసలు ఉన్నవాడు రాజమండ్రిలో రూమ్ తీసుకుని కొలువు నిలుపుకోగలడు. ఫోన్లో రీచార్జ్ తప్ప ఏమీ లేనివాడు మిగిలిపోయాడు.

మన ఢిల్లీ హుకూమత్ ఎమిరేట్స్‌తో 2022లో తిజారతీ సమ్‌ఝౌతా చేసుకుంది. మే 1 నుంచి అమలైంది. బంగారం మీద సుంకం సంగతి అందులో ఉంది. అక్కడున్న లక్షల మంది హిందుస్తానీలు ఇంటికి మామూలుగా మాట్లాడుకోవడం కూడా అలాంటి బల్ల మీద పెట్టాల్సిన సంగతే. ఒంగోలు ఎంపీ గారి దగ్గరికి వెలిగొండ నీళ్ల అర్జీతో వెళ్లేవాళ్లు దీన్ని కూడా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నవ్వినా పర్లేదు, ఇచ్చి రండి.

ఇక పోయే పిల్లలకు ఒక మాట. అక్కడ ఇజాజత్ ఉన్న యాప్ ఏదో కనుక్కుని, బయల్దేరే ముందే అమ్మీ ఫోన్లో కూడా వేయండి. ఆమెకు తెలిసింది ఆ పచ్చ గుర్తు ఒక్కటే. కొత్తది ఎక్కడుందో, ఎలా నొక్కాలో రెండు మూడు సార్లు పక్కనే కూర్చుని చేయించి వెళ్లండి.