ప్రకటనలో పెద్ద అక్షరము, చిన్న అక్షరము

వస్తువు ఎంత మంచిదైనను, అది ఉన్నదని తెలియనిదే కొనువాడు రాడు. కనుక ప్రకటనను వట్టి ఆడంబరమని తోసివేయుట సరికాదు. అయితే ఏ ప్రకటన మనసున నిలుచును, ఏది గోడకే పరిమితమగును అను విషయమును మన పరిసరములలోనే పరిశీలింపవచ్చును.

నారాయణగూడ నుండి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ వరకు నడచినచో పోటీ పరీక్షల శిక్షణ సంస్థల బోర్డులు వరుసగా కనిపించును. ఫోటోల గుంపు, ర్యాంకుల అంకెలు, తామే ప్రథములమను శీర్షిక. సంస్థ పేరు చెరిపి మరొక పేరు వ్రాసినను చెల్లునట్టి శీర్షిక ఏ సంస్థను గూర్చియు ఏమియు చెప్పనట్లే. బోధించువారెవరు, ఎన్ని నెలలు, ఏ మాధ్యమము, ఫీజు ఎంత? గ్రంథాలయములో చోటు కొరకు తెల్లవారకమునుపే వచ్చు విద్యార్థికి కావలసినవి ఇవి.

మన నగరమున 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ స్థాపించిన జిందా తిలిస్మాత్‌ను చూడుడు. ఔషధ గుణములు వైద్యుల విషయము. మేము చెప్పునది సీసాపైని బొమ్మను గూర్చి. నిజాం కొలువులోని ఆఫ్రికా సంతతి భటుని తలపించు ఆ బొమ్మను చదువురానివారును గుర్తింతురు. ఒక పేరు, ఒక బొమ్మ. వాటిని తరతరములుగా మార్చకుండుటయే దాని బలము.

ద్విభాషా ప్రకటనకు మరొక జాగ్రత్త అవసరము. ఉర్దూ చదువరి చూపు కుడి నుండి, తెలుగు చదువరి చూపు ఎడమ నుండి బయలుదేరును. తెలుగు వత్తులకును, నస్తలీఖ్ వాలునకును వరుసల నడుమ చోటు కావలయును. ఒక భాషకై కూర్చిన పుటలో రెండవ దానిని ఇరికించినచో రెండును చెడును.

ఇక అసలు విషయము. ఇంటర్వ్యూ శిక్షణకు మాత్రమే వచ్చిన అభ్యర్థులను పూర్తి కోర్సు చదివినవారుగా తోపింపజేసిన పలు సంస్థలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జరిమానాలు విధించినది. 2024 నవంబరులో అది వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము, విజేత ఫోటో వాడుటకు ఎంపిక తరువాత అతని వ్రాతపూర్వక అనుమతి ఉండవలయును; అతడు చదివిన కోర్సు, దాని కాలపరిమితి, అందుకు ఫీజు చెల్లించెనా లేదా యనునది తెలుపవలయును; వివరణలు సైతము ప్రధాన వాక్యమంత అక్షరములలోనే ఉండవలయును. ఇది న్యాయము. పల్లెలో తండ్రి అప్పు తెచ్చిన సొమ్ము పెద్ద అక్షరమును నమ్మి వచ్చును. చిన్న అక్షరములో మునిగిపోవును.

అందరును కేకలు వేయు వీధిలో నిదానముగా చెప్పిన మాట వినబడునా యని కొందరు అడుగవచ్చును. అందరును కేకలు వేయుచున్నందుననే, ఫీజును స్పష్టముగా చెప్పిన బోర్డు వద్ద విద్యార్థి ఆగును.

కళాశాల కమిటీవారికి మా మనవి: మన ప్రవేశ ప్రకటనలో కోర్సులు, ఫీజులు, స్కాలర్‌షిప్ వివరములు రెండు భాషలలోను సమానమైన అక్షరములలో ఉండుగాక. సోదర విద్యార్థులారా! ఏ ప్రకటననైనను అడుగుభాగము నుండి చదువ మొదలిడుడు.