గీజరు కారుతోందా? మూత బిగించకండి!

కార్తీకం వచ్చిందంటే పొద్దున్నే ఇంట్లో వినిపించే మొదటి మాట... 'గీజరు వేశారా?' ఏసీకి సర్వీసింగ్ చేయిస్తాం. వాటర్ ఫిల్టరుకు క్యాండిల్ మారుస్తాం. గీజరు మాత్రం బాత్రూమ్ గోడకి చెయ్యందని ఎత్తులో ఉంటుంది కాబట్టి గుర్తుకే రాదు. కింద చుక్కలు పడితేనే తలెత్తి చూస్తాం. అప్పుడు కొందరు చేసే పని, ఆ కారే గొట్టానికి బిరడా కొట్టడమో, ఎం-సీల్ పెట్టడమో. ఇంట్లో గీజరుకు సంబంధించి ఇంతకంటే ప్రమాదమైన పని మరొకటి లేదు.

ఆ చుక్కలు ఎందుకు?

నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి. 20 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు కాస్తే ఘనపరిమాణం దాదాపు ఒకటిన్నర శాతం పెరుగుతుంది. అంటే 15 లీటర్ల గీజరులో ఒక గ్లాసుడు నీళ్లు అదనంగా తయారైనట్టే. వచ్చిన దారిన వెనక్కి పోనివ్వకుండా చన్నీళ్ల పైపు దగ్గర వాల్వు ఉంటుంది. అందుకే ఆ అదనపు నీరు సేఫ్టీ వాల్వు గుండా చుక్కచుక్కగా బయటికొస్తుంది. స్విచ్చి వేసినప్పుడు మాత్రమే కొద్దిగా కారుతుంటే గీజరు చెడిపోలేదు, సరిగ్గా పనిచేస్తోందని అర్థం.

ఒకవేళ థర్మోస్టాట్ పాడై, వేడిని ఆపే కటౌట్ కూడా పనిచేయకపోతే నీళ్లు మరుగుతూనే ఉంటాయి. అప్పుడు ఆ ఒత్తిడికి మిగిలిన దారి సేఫ్టీ వాల్వు ఒక్కటే. దాన్నీ మూసేస్తే ట్యాంకు పగులుతుంది. పగిలిన క్షణంలో లోపలి నీళ్లలో కొంత ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే 1600 రెట్లకు పైగా పెరుగుతుంది. గీజరు బాంబులా పేలిందని చెప్పుకునేది అందుకే.

అయితే స్విచ్చి వేయకపోయినా కారుతుంటే, లేదా చుక్కలు పోయి ధారగా వస్తుంటే అది వేరే సంగతి. వాల్వులో నలక చిక్కిందో, నీటి ఒత్తిడి ఎక్కువైందో. వెంటనే కరెంటు ఆపి మెకానిక్‌ని పిలవండి. వాల్వు మార్పించండి కానీ మూయించకండి.

కాగుకు చింతపండు... గీజరుకు?

వెనకటి రోజుల్లో రాగి కాగులో నీళ్లు కాచేవారు. అడుగున తెల్లటి పొర కట్టగానే చింతపండు పెట్టి తోమేవారు. గీజరులోనూ అదే పొర కడుతుంది. కాకపోతే కనిపించదు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. వేడి తగలగానే అవి సున్నంలా గడ్డకట్టి కాయిల్‌ని పట్టుకుంటాయి. కాయిల్ వేడి నీటికి సరిగ్గా అందక, అదే వేడెక్కి కాలిపోతుంది. రాలిన పొర అడుగున చేరి నీళ్లకు చోటు తగ్గిస్తుంది. అంతకంటే ముఖ్యం... సేఫ్టీ వాల్వులోనూ పేరుకుని దాన్ని బిగుసుకుపోయేలా చేస్తుంది. మనం బిరడా కొట్టకపోయినా సున్నం ఆ పని చేసేస్తుందన్నమాట!

మంజీరా నీళ్లు వచ్చే ఇంటికి రెండేళ్లకోసారి కడిగితే సరిపోవచ్చు. బోరు మీదే నడిచే అపార్ట్‌మెంటుకు ఏడాదికోసారి తప్పదు. చలికాలం మొదలవకముందే చేయిస్తే మెకానిక్ దొరకడమూ సులువే.

మీరు చేయగలిగింది

* ముందురోజు రాత్రే స్విచ్చి, ఎంసీబీ రెండూ ఆపేయండి. తెల్లారేసరికి నీళ్లు చల్లారతాయి.
* గీజరుకు వెళ్లే చన్నీళ్ల వాల్వు కట్టేయండి. వేడినీళ్ల పంపు తిప్పి ఉంచండి.
* సేఫ్టీ వాల్వు కింద బకెట్ పెట్టి, దాని మీట ఎత్తండి. నీళ్లు దిగుతాయి. మీట కదలకపోతే బలవంతం చేయకండి, అది మార్చాల్సిన వాల్వు.
* చన్నీళ్లు మళ్లీ కొద్దిగా వదిలి, ఖాళీ చేయండి. తెల్లటి పొడి, మడ్డి ఆగి, నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు ఇలా చేయండి.
* మీట దించి, నీళ్లు నింపండి. వేడినీళ్ల పంపులోంచి గాలి లేకుండా ధార వచ్చాకే స్విచ్చి వేయాలి. ఖాళీ ట్యాంకుతో వేస్తే కాయిల్ మాడిపోతుంది.

మెకానిక్‌కి వదలాల్సింది

కాయిల్ విప్పడం మనపని కాదు. విప్పినప్పుడు మాత్రం పక్కనే ఉండి చూడండి. కాయిల్‌ని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలోనో, వెనిగర్‌లోనో నానబెడితే పొర వదులుతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం వద్దనండి. ఎనామిల్ పూత ఉన్న ఇనుప ట్యాంకుల్లో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పును అది తాను పట్టించుకుంటుంది. తీగలా సన్నబడితే కొత్తది వేయించండి. కడ్డీ ఖర్చుకు చూసుకుంటే ట్యాంకే పోతుంది. విప్పాక పాత వాషర్‌నే మళ్లీ బిగించనివ్వకండి. ఎర్తింగ్ కూడా పరీక్షించమనండి.

ఈ గుర్తులు కనిపిస్తే...

* 2000 వాట్ల కాయిల్ 25 లీటర్ల నీటిని 20 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 35 నిమిషాలు చాలు. గంట దాటినా దీపం ఆరకపోతే కాయిల్‌లోనో, థర్మోస్టాట్‌లోనో తేడా ఉంది.
* లోపల బుడబుడమనే చప్పుడొస్తే పొర బాగా పేరుకుందని అర్థం.
* నీళ్లు ఎర్రగా వస్తే తుప్పు మొదలైనట్టే.
* పంపు ముట్టుకుంటే జిల్లుమన్నా, ఎంసీబీ పదేపదే పడిపోతున్నా మెకానిక్ వచ్చి సరిచేసేదాకా గీజరు వాడకండి. స్టౌ మీద కాచుకోండి.

థర్మోస్టాట్‌ని చివరిదాకా తిప్పి ఉంచడం కూడా మంచిది కాదు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ముందు చన్నీళ్లు పట్టి, వాటిలో వేడినీళ్లు కలపడం అలవాటు చేసుకోవాలి.

ఈ ఆదివారం బాత్రూమ్‌లోకి వెళ్లి ఒక్కసారి తలెత్తి చూడండి. సేఫ్టీ వాల్వు గొట్టం చివర ఖాళీగా, కిందికి తిరిగి ఉందా? సరే. లేక ఎప్పుడో ఎవరో బిగించిన మూత ఉందా? అయితే మెకానిక్ వచ్చి సరిచేసేదాకా స్విచ్చి వేయకండి.