పంచిన మాత్రలు కాదు, పెరిగిన రక్తం లెక్క అడగండి

ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ కమిషనర్ గారికి,

ఉద్యోగమంతా కాన్పుల వార్డుల్లో చేసి రిటైరైన నర్సుని. రక్తహీనత విషయంలో మీ శాఖను ముఖ్యంగా ఒకటి కోరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎన్ని ఐరన్ మాత్రలు పంచారన్న లెక్క మీకు ఎలాగూ వస్తోంది. నెల తిరిగాక అందులో ఎంతమందికి రక్తం పెరిగిందో, ఆ లెక్క కూడా తెప్పించుకోండి.

ఐరన్ మాత్రలు పంచే కార్యక్రమం దేశంలో 1970లోనే మొదలైంది. 2018లో అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం వచ్చాక జోరు పెరిగింది. అయినా 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువేనని తేలింది. అంతకు ముందు సర్వేలో అది 60 శాతం. రెండు సర్వేల మధ్య తగ్గింది ఒక్క శాతం, ఆపైన చిల్లర.

మాత్ర మంచిదే. గర్భిణికిచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మాత్ర మనవాళ్ల గొంతు దిగకపోవడమే నా బాధ.

ఎందుకు దిగదో మంచం పక్కన నిలబడితే తెలుస్తుంది. తొమ్మిదో నెలలో ఆయాసంతో వచ్చిన ఒకమ్మాయికి హిమోగ్లోబిన్ 6 ఉంది. సంచీలో చూస్తే మాత్రల అట్టలు విప్పకుండా అలాగే ఉన్నాయి. వేసుకుంటే వికారంగా ఉంటోందట, విరేచనం నల్లగా అవుతోందట, పైగా బిడ్డ నల్లగా పుడతాడని వాళ్ల అత్త చెప్పిందట. కొంగు ముడి విప్పితే గుప్పెడు బియ్యం. పొద్దస్తమానం అవే నములుతోంది. బియ్యం, బలపాలు, మట్టి తినాలనిపించడం ఇనుము తగ్గినవాళ్లలో తరచూ కనిపించే లక్షణం. కనురెప్ప లోపలి ఎరుపు, నాలుక, అరచేయి, గోళ్లు చూడమని మాకు నేర్పారు. వాటితో పాటు "బియ్యం తింటున్నావామ్మా?" అని నవ్వుతూ అడిగితే, సిగ్గుపడుతూనే నిజం చెప్పేస్తారు. ఈ ప్రశ్నను చెకప్ కార్డులో చేర్పించినా ఖర్చేమీ కాదు.

మాత్రతో పాటు నాలుగు మాటలు చెప్పాలి. విరేచనం నల్లగా రావడం మామూలే. వికారంగా ఉంటే అన్నం తిన్నాక, రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. టీ తాగడానికీ మాత్రకీ మధ్య గంటైనా తేడా ఉండాలి. కాల్షియం మాత్ర దీంతో కలిపి మింగకూడదు. రెండు మాత్రలూ ఒకే కవర్లో పెట్టి "రోజూ వేసుకో" అని పంపేస్తే జరిగేది సరిగ్గా అదే, రెండూ ఒకేసారి మింగుతారు. ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

తిండి సంగతి కూడా ఇంతే. కూలికెళ్లే మొగుడు వందలు పోసి దానిమ్మకాయలు తెస్తాడు, ఎర్రగా ఉన్నాయి కాబట్టి రక్తం పడుతుందని. దానిమ్మలో ఇనుము బహు తక్కువ. ఆ డబ్బుతో కాస్త మేక కార్జం వండుకున్నా, పప్పులో ఆకుకూర వేసి నిమ్మకాయ పిండుకున్నా అంతకన్నా మేలు. రేషన్‌లో వచ్చిన బలవర్ధక బియ్యంలోని గింజలను ప్లాస్టిక్ బియ్యమనుకొని చేటలో ఏరి పారేసిన ఇళ్లు ఎన్నో. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 ఉన్న గింజలవి. ఆ మాట ఇంటింటికీ చెప్పకుండా బియ్యం మాత్రం ఇస్తే ఇలాగే ఉంటుంది.

ఇక పరీక్ష. గాజు గొట్టంలో ఆమ్లం పోసి, రక్తం కలిపి, చుక్క చుక్కగా నీళ్లు వేస్తూ రంగు సరిపోల్చే సాలీ పద్ధతితో నేను ఏళ్ల తరబడి పనిచేశాను. కిటికీ దగ్గర ఒక అంకె, సాయంత్రం బల్బు వెలుగులో ఇంకో అంకె. డిజిటల్ మీటర్లు వచ్చాక నయమే గానీ, రక్తం రావడం లేదని వేలిని గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కలిసి అంకె తప్పుతుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువైతే రక్తహీనత, 7 కన్నా తక్కువైతే తీవ్రం. అంకె తప్పితే వైద్యమే తప్పుతుంది.

సరిగా మాత్రలు వేసుకుంటే హిమోగ్లోబిన్ నెలలో ఒక గ్రాము దాకా పెరగాలి. పెరగలేదంటే అసలు మింగిందా లేదా అని ముందు అడగాలి. మింగినా పెరగకపోతే కారణం వేరే. కొంకిపురుగులు, నెలసరిలో అధిక రక్తస్రావం, మొలలు, బి12 లోపం, తలసేమియా జన్యు లక్షణం, పాడేరు వైపు సికిల్ సెల్, ఏదైనా కావచ్చు. సీబీసీ రక్తపరీక్ష చేసి ఎర్ర కణాల సైజు చూస్తేనే సగం దారి తెలుస్తుంది. నెల తిరిగాక చేయాల్సిన రెండో పరీక్షే జరగనప్పుడు ఇవన్నీ "నీరసం" అనే ఒక్క మాట కింద పడిపోతాయి.

మిగిలింది మా పని. తీవ్రమైన రక్తహీనత ఉన్న గర్భిణికి రక్తం ఎక్కించేటప్పుడు మొదటి 15 నిమిషాలు నర్సు పక్కనుంచి కదలకూడదు. చలి, దద్దురు, నడుం నొప్పి, ఏది మొదలైనా వెంటనే ఆపాలి. అప్పటికే అలసిన గుండెకు రక్తం వేగంగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి వార్డు మొత్తానికి ఒక్క నర్సే. ఆ 15 నిమిషాలు ఎక్కణ్నుంచి తెస్తుంది? నరానికిచ్చే ఐరన్‌లోనూ ఐరన్ సుక్రోజ్ అయితే నాలుగైదుసార్లు రావాలి, అన్నిసార్లూ కూలి పోతుంది. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఒక విడతలో 1000 మిల్లీగ్రాముల వరకు ఇవ్వవచ్చు. నాలుగో నెల దాటినవాళ్లకు ఇది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) దాకా దొరికేలా చూడండి. ఎక్కించాక కనీసం అరగంట కనిపెట్టుకుని ఉండే మనిషిని కూడా ఇవ్వండి.

ప్రతి పీహెచ్‌సీ నెలవారీ నివేదికలో రెండు గడులు పెంచండి: కిందటి నెల రక్తం తక్కువున్న గర్భిణుల్లో మళ్ళీ పరీక్ష చేసింది ఎందరికి, కనీసం ఒక గ్రాము పెరిగింది ఎందరికి. ఆ అంకెలను మీ సమీక్షలో మొదటి ప్రశ్నగా అడగండి. మీరు అడుగుతారని తెలిస్తే కింద మా వాళ్లు కొలుస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు