మార్కుల పోటీలో నలుగుతున్న కొల్లేటి పల్లెల పిల్లలు

కైకలూరు: పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి ప్రాంతాల్లో ఏ ఇంటి అరుగు మీద చూసినా ఒకటే ప్రశ్న: "మీ వాడికి ఎన్ని వచ్చాయండీ?" అడిగేవారికి అది కుశల ప్రశ్నే. కాని జవాబు చెప్పవలసిన కుర్రవాడికి మాత్రం నలుగురి ముందూ నిలబెట్టి తీర్పు చెప్పినట్లే ఉంటుంది.

ఈ ప్రాంతంలో చదువుకు ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం లేకపోలేదు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లను అధికారులు తెగగొట్టించారు. చెరువు పోయిన ఇంట్లో పిల్లల చదువే దారి అన్న ఆలోచన బలపడటం సహజం. చెరువులు మిగిలిన రైతుల పరిస్థితి మరో రకం. పట్టుబడి బాగున్న ఏడాది ఫీజు కట్టడం కష్టం కాదు. చేపకు తెగులు తగిలినా, రేటు పడిపోయినా ఆ ఫీజే అప్పుగా మారుతుంది. "నీ కోసమే ఇంత అప్పు చేశాంరా" అని తండ్రి మంచి ఉద్దేశంతోనే అంటాడు. ఊరు విడిచి విజయవాడలోనో, మరెక్కడో హాస్టలులో ఉంటున్న పదహారేళ్ల పిల్లవాడు మాత్రం ప్రతి పరీక్షలోనూ ఆ అప్పును తలచుకుంటూ కూర్చుంటాడు. లెక్క తప్పితే మార్కు పోతుందన్న భయం కంటే నాన్న పరువు పోతుందన్న భయమే వాడికి ఎక్కువ.

సెక్షన్ మారితే సిగ్గు

తోటివారితో పోలిక ఈ భయాన్ని మరింత పెంచుతోంది. వారానికో పరీక్ష, ర్యాంకుల జాబితా, మార్కులను బట్టి సెక్షన్ల విభజన చాలా కళాశాలల్లో మామూలు విషయాలు. పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు దిగిన పిల్లవాడితో నిన్నటి స్నేహితులే ముభావంగా ఉంటారు. సెలవులకు ఊరు వస్తే ఇక్కడా పోలిక తప్పదు. పిన్ని కొడుకు ర్యాంకు, పక్కింటి అమ్మాయి సీటు భోజనాల దగ్గర కూడా ప్రస్తావనకు వస్తాయి. పిల్లల ఎదుట ఇలాంటి మాటలాడటం పెద్దలకు అలవాటుగా మారడం విచారకరం.

దీనిపై దేశ అత్యున్నత న్యాయస్థానం గట్టిగానే స్పందించింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించడమే కాక, దేశమంతటా విద్యాసంస్థలు పాటించవలసిన 15 మార్గదర్శకాలను ప్రకటించింది. మార్కులను బట్టి విద్యార్థులను వేరు చేసి కూర్చోబెట్టరాదు. నలుగురిలో అవమానించరాదు. శక్తికి మించిన లక్ష్యాలు పెట్టరాదు. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల సలహాదారు ఒక్కరైనా ఉండాలి. అమలును చూడటానికి కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలని కూడా కోర్టు చెప్పింది.

కమిటీలు మనకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ ఈ విషయాన్నే పరిశీలించాయి. నివేదికలు వచ్చాయి గాని, సెక్షన్లు మాత్రం పోలేదు. అందువల్ల కాగితం మీది మాట కళాశాల గేటు దాటి లోపలికి వెళ్లిందా లేదా అన్నది తల్లిదండ్రులే కనుక్కోవాలి. సలహాదారు ఎవరు, ఏ సెక్షన్‌లో ఎందుకు వేశారు అని ఫీజు కట్టేటప్పుడు అడిగే హక్కు వారికి ఉన్నది. గట్టు మీద నిలబడి మేత బస్తాలు లెక్కబెట్టుకునే రైతుకు ఈ ప్రశ్న అడగడం కష్టం కాకూడదు.

మార్కు తప్పు కూడా కావచ్చు

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులున్నట్లు తరువాత తేలింది. మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చినట్లు చూపారు. సరిచూస్తే 99 వచ్చాయి. ఫెయిలైనవారి జవాబుపత్రాలను మళ్లీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. తెర మీద కనిపించిన అంకె ఆఖరి మాట కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర లేదు. రీకౌంటింగు ఉంది, రీవెరిఫికేషన్ ఉంది, కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ పరీక్షలున్నాయి. తప్పినవాడికి ఏడాది పోవలసిన పని లేదు.

ఇక అందరూ ఒకే గుమ్మం దగ్గర తోసుకోవడం మరో చిక్కు. 2024లో నీట్ రాసినవారు 23 లక్షలకు పైగా ఉండగా, దేశంలో ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్ష పైచిలుకే. చేపల మీద బతికే ఈ నేల పిల్లలకు మత్స్యశాస్త్రం చదువు గురించి చెప్పేవారే తక్కువ. పదో తరగతి తరువాత కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో మత్స్య పాలిటెక్నిక్ ఉన్నది. బైపీసీ చదివినవారికి నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉన్నది. చెరువులో రోగం వస్తే ఎవరో చెప్పిన మందు చల్లే ఊళ్లకు ఈ చదువు విలువ వేరే చెప్పాలా?

ఇంట్లో గమనించవలసినవి

ఊళ్లో ఉండి చదివే పిల్లల మీద ఒత్తిడి వేరే విధంగా వస్తోంది. ఖరీదైన ఫోను, బండి, సెంటర్లో సిగరెట్టు, "ఒక్కసారికి ఏమవుతుంది?" అనే స్నేహితుడు. కాదంటే జట్టులో చోటుండదేమోనన్న భయంతో ఒప్పుకునేవారే ఎక్కువ. తిట్టి, కొట్టి అడిగితే పిల్లవాడు నిజం చెప్పడు. వలలు బాగుచేస్తున్నప్పుడో, బండి మీద వెళ్తున్నప్పుడో మాటల్లో అడిగితే చెప్పవచ్చు.

తిండి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, ఒంటరిగా ఉండటం, ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చివేయడం, "నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది" వంటి మాటలు అనడం కనబడితే వాటిని నాటకమని కొట్టివేయరాదు. అటువంటి సమయంలో పిల్లలను ఒంటరిగా వదలకుండా దగ్గరే ఉండాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగటం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని మానసిక వైద్యులు చెబుతారు. పైగా పిల్లవాడి గుండె బరువు కొంత దిగుతుంది.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నెంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నెంబరును తరగతి గదుల్లోనూ, హాస్టళ్లలోనూ అందరికీ కనబడేలా రాసి ఉంచాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫలితాలు వచ్చే లోగా పంచాయతీ కార్యాలయం గోడ మీద, సొసైటీ వద్ద, పడవల రేవు దగ్గర కూడా రాయించడానికి డబ్బా రంగు చాలు.