ఇంటి లెక్క: పెట్టె వెల వేరు, ఆట ఖర్చు వేరు



1990లలో కావలి వంటి ఊళ్ళలో పెరిగినవారు ఆ పెట్టెను మరచి ఉండరు. టీవీ వెనుక వైరు గుచ్చి, పెట్టె నెత్తిన పసుపుపచ్చ క్యాసెట్టు దిగవేసి, రెండు రిమోట్లు పట్టుకొని ఇద్దరు కూర్చుండేవారు. మరి ఎనిమిదిమంది వెనుక నిలువబడి వంతు కొరకు తగవులాడేవారు. క్యాసెట్టు మొరాయిస్తే నోటితో ఊదేవారు. దానిపై అంటించిన కాగితము మీద ‘9999 ఆటలు’ అని అచ్చువేసి ఉండేది. పేజీలు తిప్పి చూస్తే ఉన్నవి కొద్ది ఆటలే. మారియో మొదటి నుండి ఆడితే ఒక పేరు, నడుమ నుండి ఆడితే ఇంకొక పేరు. అది జపానులో నింటెండో కంపెనీ 1983లో విడుదల చేసిన ఫామికామ్ అను యంత్రమునకు నకలు. నకలైనను దానిలో ఒక మంచి ఉన్నది. కొన్ననాడు ఇచ్చిన డబ్బే డబ్బు. ఆ తరువాత ఎవరూ వచ్చి అడుగలేదు.

అదే కాలములో అసలు సరుకు కూడ మన దేశమునకు వచ్చినది. నింటెండోకు పోటీదారైన సేగా కంపెనీ తన మెగా డ్రైవ్ పెట్టెను 1995లో షా వాలెస్ ద్వారా ఇక్కడ అమ్మించినది. షా వాలెస్ మద్యము వ్యాపారమునకు పేరుపొందిన కంపెనీ. మన జిల్లాలోని దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణముపై తిరుగబడిన సంగతి పాఠకులకు తెలుసు. ఆ ఉద్యమము పెరిగి 1995 జనవరిలో రాష్ట్రమంతట మద్యనిషేధము వచ్చినది. ఆ సంవత్సరమే మద్యము కంపెనీ పిల్లల ఆటపెట్టెను పట్టుకొని రావడము విచిత్రమే గాని, అది వేరే కథ. పెట్టె వెల 18,000 రూపాయలు. ఆనాడు 10 గ్రాముల మేలిమి బంగారము 4,700 దరిదాపు. అంటే ఒక ఆటపెట్టెకు 38 గ్రాముల బంగారము! మన పల్లెల్లో దానిని ఎవరు కొంటారు?

2021 ఫిబ్రవరి 2న సోనీ వారి ప్లేస్టేషన్ 5 మన దేశములో విడుదలైనప్పుడు దాని వెల 49,990 రూపాయలు. అప్పుడు 10 గ్రాముల బంగారము ఇంచుమించు 48,000. ఈ కొలతతో చూస్తే 38 గ్రాముల పెట్టె 10 గ్రాములకు దిగినది. బంగారము పెరిగినందున అలా కనబడుచున్నదని ఎవరైన అంటే ఒప్పుకొంటాము. దాచుకొన్నవారు నవ్వుకొందురు గాక. అయితే పెట్టె చవుకగా కనబడుటకు ఇంకొక కారణము ఉన్నది. అమ్మేవారికి పెట్టె మీద లాభము రానక్కరలేదు. ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్‌లో గేముల విభాగపు అధిపతిగా ఉన్న ఫిల్ స్పెన్సర్, ఒక్కొక్క పెట్టె మీద 100 నుండి 200 డాలర్లు తామే భరించుచున్నామని 2022లో బహిరంగముగా చెప్పినారు. ఆ సొమ్ము ఆటల మీద, చందాల మీద తిరిగి వస్తుంది. రొయ్యల చెరువులు ఉన్నవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మేత అప్పు ఇచ్చిన డీలరు, పంట తన కాటాకే రావాలని ఎందుకు పట్టుబడతాడో వారికి తెలుసు.

ఇటీవల సముద్రము వైపు పల్లెలో కాపురమున్న ఒక సహోదరుడు ఈ విషయమై మమ్మును అడిగినారు. ఇంటర్ చదివే కొడుకు, ఏడవ తరగతి చదివే కూతురు. క్రిస్మస్‌కు గేము పెట్టె కొనిపెడతానని పిల్లలకు మాట ఇచ్చియున్నారు. “దుకాణములో మూడు రకాలు చూపించినారయ్యా. అందులో చవుకది తీసుకొంటే సరిపోతుంది కదా?” అన్నారు. ఆయన భార్య ప్రక్కనే ఉండి, “ఒక్కసారి ఇచ్చేదైతే సరేనయ్యా, నెలనెలా ఇచ్చేదైతే మాకొద్దు. పిల్లోడి కాలేజీ ఫీజు ఇంకా సగం కట్టాల” అన్నారు. అసలు సంగతిని ఆమె ఒక్క మాటలో తేల్చినదని మాకు అనిపించినది. ఈ లెక్క ఆమె మాట పట్టుకొని వేసినదే.

విడుదలనాటి ధరలే తీసుకొందాము. డిస్కు పట్టే ప్లేస్టేషన్ 5 వెల 49,990. డిస్కు పట్టనిది, అనగా ఆటను నెట్ నుండి దించుకొనవలసినది 39,990. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 2020 నవంబరులో 34,990కి వచ్చినది. అది కూడ డిస్కు పట్టదు. వారిదే డిస్కు పట్టే సిరీస్ ఎక్స్ 49,990. ఆ తరువాత ధరలు పెరిగినవి. పాత కాలములో ఏండ్లు గడిచేకొద్ది పెట్టె ధర దిగేది. అమెరికాలో 299 డాలర్లకు వచ్చిన ప్లేస్టేషన్ 2 ధర 2009కి 99 డాలర్లకు పడినది. ఈ తరము పెట్టెలు అందుకు తలక్రిందులు. 2022 నవంబరులో ప్లేస్టేషన్ 5 రెండు రకాల మీద మన దేశములో 5,000 చొప్పున పెంచినారు. కొనబోయేవారు దుకాణములో నేటి ధర అడిగి, మా అంకెల స్థానములో వేసికొనవలెను. డిస్కు ఉన్నదానికి లేనిదానికి మధ్య 10,000 తేడా మాత్రము ఆ పెంపులోను మారలేదు.

ఇక ఆటలు. సోనీ వారి కొత్త ఆట ఒక్కొక్కటి 4,999గా వచ్చినది. ఏడాదికి రెండే కొన్నా నాలుగేండ్లకు ఎనిమిది ఆటలు, 39,992 రూపాయలు. డిస్కు పట్టని పెట్టె వెలకు రెండు రూపాయలు ఎక్కువ! అనగా మీరు రెండవ పెట్టె కొన్నట్టే, మీకు తెలియకుండానే. ఇద్దరు పిల్లలున్న ఇంటికి రెండవ రిమోట్టు కావలెను, దానికి 5,990. అన్నీ కలిపి డిస్కు లేని పెట్టెకు నాలుగేండ్లలో 85,972 అయినది. డిస్కు ఉన్నదానికి 95,972. దుకాణములో కనబడే 10,000 తేడా అలాగే నిలిచినది.

అయితే ఆడి ముగించిన డిస్కు ఇంట్లో మూలనపడి ఉండనక్కరలేదు. దానిని అమ్మవచ్చును. ఎనిమిదింటిలో ఆరు డిస్కులను సగము ధరకు, 2,500 చొప్పున ఇచ్చివేస్తే 15,000 చేతికి వచ్చును. అప్పుడు ఖరీదైన పెట్టె ఖర్చు 80,972కు దిగి, చవుక పెట్టెకంటె 5,000 తక్కువ అవుతుంది. పెదనాన్న కొడుకు ఇంట్లోను అదే పెట్టె ఉండి, పిల్లలు డిస్కులు మార్చుకొంటే ఖర్చు ఇంకా తగ్గును. నెట్ నుండి దించుకొన్న ఆటను అమ్మలేరు. అది కొన్నవారి ఖాతాకు కట్టివేయబడి ఉంటుంది. పండుగలకు నెట్‌లో తగ్గింపు ధరలు వచ్చుట నిజమే, ఓపికగా కాచుకొనేవారికి అది మేలే. మేమైతే ఇంటర్ చదివే పిల్లవాని ఓపికను నమ్మి లెక్క వేయము.

చవుకైన సిరీస్ ఎస్ మాట. దానికి గేమ్ పాస్ అని చందా ఉన్నది. కట్టినన్నాళ్ళు వందల ఆటలు ఆడుకొనవచ్చును, విడివిడిగా కొననక్కరలేదు. అన్నిటికంటె పై మెట్టు చందా 2025 అక్టోబరులో మన దేశములో నెలకు 1,389 రూపాయలు చేసినారు. ఏడాదికి 16,668. నాలుగేండ్లకు 66,672. పెట్టె వెల కలిపితే 1,01,662, రెండవ రిమోట్టు లేకుండానే. మూడింటిలో చవుకైన పెట్టె అందరికంటె ఖరీదైనదిగా తేలినది. క్రింది మెట్టు చందాలు తక్కువకు ఉన్నవి, వాటిలో ఆటలును తక్కువ. నెలకొక కొత్త ఆట ఆడి ముగించే హాస్టలు కుర్రవాళ్ళు నలుగురు కలిసి కట్టుకొంటే చందా గిట్టుబాటే. కాని ఒక క్రికెట్టు, ఒక ఫుట్‌బాల్, ఒక కార్ల పందెము, ఈ మూడే సంవత్సరమంతా తిప్పి తిప్పి ఆడే పిల్లలకు వందల ఆటల చందా ఎందుకు? ‘9999 ఆటలు’ అన్న కాగితము మళ్ళీ కండ్ల ముందు కనబడుచున్నది. ఈసారి ఆటలు నిజమైనవే, ఒప్పుకొంటాము. కట్టుట మానిన నెలలోనే అవి అన్నీ తలుపు మూసుకొంటవి.

పల్లెవారికి ఇంకొక ఖర్చు ఉన్నది. పట్టణములో తీగె నెట్ ఉన్నవారు దానిని లెక్కపెట్టరు. నేటి పెద్ద ఆట ఒక్కొక్కటి 100 జీబీ వరకు తూగుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోను ప్యాకు మీద దించితే, ఆ ఫోనులో ఇంకేమీ చూడకుండ 50 రోజులు పట్టును. సిరీస్ ఎస్‌లో ఆటలు దాచుటకు మిగిలే చోటు 364 జీబీ. మూడు పెద్ద ఆటలు నింపితే నాలుగవదానికి ఒకటి చెరపవలెను, మరల కావలెనంటే మరల దించవలెను. డిస్కు ఉన్నవారికి ఈ బాధ చాలవరకు తప్పును. పూర్తిగా కాదు, సవరణలు నెట్ ద్వారానే వచ్చును.

టీవీ సంగతి చూచుకొనండి. ఈ పెట్టెలకు హెచ్‌డీఎంఐ రంధ్రమున్న టీవీ కావలెను; ఎరుపు, తెలుపు, పసుపు తీగెల పాత టీవీకి నేరుగా తగలవు. కరెంటు భయపడవలసినంత కాదు. పెద్ద ఆట ఆడేటప్పుడు ప్లేస్టేషన్ 5 సుమారు 200 వాట్లు త్రాగును, అయిదు గంటలకు ఒక యూనిట్. సముద్రపు ఉప్పు గాలి తగిలే ఇండ్లలో మాత్రము కిటికీ ప్రక్కన పెట్టవద్దు, మంచి ఎర్తింగు లేని ప్లగ్గులో పెట్టవద్దు.

ఖర్చు చెప్పితిమి. విలువ మాట? మా దృష్టిలో మంచి ఖర్చు ఆ రెండవ రిమోట్టే. ఇంట్లో ప్రక్కప్రక్కన కూర్చుండి ఆడుటకు ఏ చందాయు అక్కరలేదు. చెల్లెలు అన్నను ఓడించే ఆట ఒక్కటి ఉంటే చాలు, ఆ పెట్టె ఇంటిది అవుతుంది; లేకుంటే అది తలుపు వేసుకొన్న గదిలో ఒక్కనిది. 2009లో హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర అను సంస్థ ప్లేస్టేషన్ 2 కొరకు ‘దేశీ అడ్డా’ అను ఆటను తయారుచేసినది. కబడ్డీ, గాలిపటాలు, బిళ్ళంగోడు దానిలో ఉన్నవి. బయట దొడ్డి ఉండగా తెర మీద బిళ్ళంగోడు ఏమిటని పెద్దలు విసుగుకొనవచ్చును. అయినను ఒక మాట. పాత ప్లేస్టేషన్ 2 పనిచేయుచున్న ఇంట్లో ఆ డిస్కు నేటికిని ఆడును. నెట్ అక్కరలేదు, ఎవరి అనుమతియు అక్కరలేదు. 2014లో యూబీసాఫ్ట్ కంపెనీ తెచ్చిన ‘ది క్రూ’ అను కార్ల ఆటను చూడండి. 2024 మార్చి 31న కంపెనీ తన సర్వర్లు ఆపివేయగానే, డబ్బు పెట్టి డిస్కు కొన్నవారు సహితము ఆడలేకపోయినారు. కనుక ఆట కొనేముందు, అది నెట్ లేకుండ నడుచునా అని అడుగుట మరువవద్దు.

అమెరికాలో ఉన్న చిన్నాన్న పంపుతాడని కొందరు కాచుకొనియున్నారు. ప్లేస్టేషన్ 5 అక్కడిదైనను మన 230 వోల్టులకు పనిచేయును, డిస్కులకు దేశభేదము లేదు. పాత ఎక్స్‌బాక్స్ 360 అయితే జాగ్రత్త. అమెరికాలో అమ్మిన దాని కరెంటు పెట్టె అక్కడి 110–127 వోల్టులకు చేసినది. మన ప్లగ్గులో నేరుగా పెడితే పొగ వచ్చును. ఎక్కడనుండి వచ్చినను, ఇక్కడ వారంటీ ఎవరు ఇస్తారో ముందే తెలిసికొనండి. నింటెండో వారి స్విచ్ విషయములోను ఇదే ప్రశ్న, ఎందుకనగా ఇక్కడి దుకాణాలలో అమ్మినది చాలవరకు బయటి దిగుమతిదారులు తెచ్చిన సరుకే.

ఆ సహోదరునికి మేము చెప్పినది ఇది. కొత్తది కావలెనంటే డిస్కు ఉన్నది, లేదా ఎవరైన అమ్మే వాడిన ప్లేస్టేషన్ 4. అది మన దేశములో 2014 జనవరిలో 39,990కి వచ్చినది, దాని డిస్కులు పాతవి విరివిగా దొరుకును, పిల్లలు అడిగే క్రికెట్టు దానిలోనూ ఉన్నది. వాడినది కొనేటప్పుడు అరగంట ఆడించి చూడవలెను. ఫ్యాను అరుపు వినవలెను, డిస్కు లోనికి పోయి బయటికి వచ్చునా చూడవలెను, అమ్మేవాని ఖాతా పెట్టెలోనుండి తీసివేయించవలెను.

ఖాతా అన్నాము గనుక ఇంకొకటి. పిల్లల పేరున పెట్టే ఖాతాను తల్లిదండ్రుల ఖాతా క్రింద తెరువవలెను. నెలకు ఎంత ఖర్చు చేయవచ్చునో సోనీ పెట్టెలో మీరే హద్దు పెట్టవచ్చును. బ్యాంకు కార్డు నంబరు అందులో దాచి ఉంచవద్దు. ఫుట్‌బాల్ ఆటలో ఆటగాళ్ళ పొట్లాలు అమ్ముతారు, లోపల ఎవరున్నారో విప్పేవరకు తెలియదు. మన రాష్ట్రము 2020లో నిషేధించిన ఆన్‌లైన్ రమ్మీ వంటిది కాదిది, చట్టము వేరు. కాని పొట్లము విప్పే చేతికి ఆ తేడా తెలియదు.

ఇన్వర్టరు బ్యాటరీల గురించి ఇద్దరు పాఠకులు అడిగియున్నారు. వచ్చే నెల వాటి లెక్క చూతము.